ఎంటరోస్కోపీ తర్వాత క్లోమం వాచింది, మళ్లీ చేయించాలా?

కోస్తా జిల్లా నుంచి ఒక ఇల్లాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. భర్త వయసు 44, ఎరువుల దుకాణం నడుపుతారు. కొన్ని నెలలుగా నీరసం, మెట్లెక్కితే ఆయాసం, మలం నల్లగా జిగటగా పోవడం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 6.4. మూడు యూనిట్ల రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీలో, కొలనోస్కోపీలో ఏమీ దొరకలేదు. కెమెరా మాత్ర మింగిస్తే చిన్నపేగు పైభాగంలో మూడు ఎర్ర మచ్చలు కనిపించాయి, ఒకచోట రక్తం ఊరుతోంది. హైదరాబాద్ తీసుకెళ్లి నోటి నుంచి బెలూన్ ఎంటరోస్కోపీ (చిన్నపేగు లోపలిదాకా గొట్టం పంపి చూసే పరీక్ష) చేయించారు. రెండున్నర గంటలు పట్టింది. రెండు మచ్చల్ని కాల్చారు, మూడోదాన్ని అందుకోలేకపోయారు. సాయంత్రం ఇంటికి పంపేశారు.

రాత్రి పదింటికి పొట్ట పైభాగంలో మొదలైన నొప్పి వీపులోకి పాకింది, వాంతులయ్యాయి. ఫోన్ చేస్తే "గ్యాస్ అయి ఉంటుంది, తగ్గుతుంది" అన్నారు. తెల్లవారి తీసుకెళ్తే రక్తంలో లైపేజ్ అనే క్లోమం ఎంజైమ్ 1,450, ఆ ల్యాబ్ హద్దు 60. అక్యూట్ పాంక్రియాటైటిస్, అంటే క్లోమం హఠాత్తుగా వాచడం, అని ఐదు రోజులు ఉంచారు. ఇది జరిగి ఆరు వారాలు. ఇంటికొచ్చేటప్పుడు 9.6 ఉన్న హిమోగ్లోబిన్ ఇప్పుడు 8.8. మిగిలిన మచ్చ కోసం మరోసారి ఎంటరోస్కోపీ చేయాలంటున్నారు. ఆయన "చచ్చినా ఆ గొట్టం మింగను" అంటున్నారు. మామగారు డాక్టరు క్లోమాన్ని గుచ్చేశాడని, కేసు వేయాలని అంటున్నారు. ఆడపడుచు తాగుడు వల్లే వచ్చిందంటోంది. "పట్టుబట్టి హైదరాబాద్ తీసుకెళ్లింది నేనే. నా వల్లే జరిగిందా? ఇప్పుడేం చెయ్యాలి? ఏం తినిపించాలి?" అని అడిగారు.

ముందు మీ మనసులో ఉన్న ముల్లు తీసేద్దాం. హిమోగ్లోబిన్ 6.4కి పడిపోయిన మనిషికి రక్తం ఎక్కడ పోతోందో వెతకడం తప్పనిసరి. ముందు పైనుంచి, తర్వాత కిందనుంచి, ఆ తర్వాత కెమెరా మాత్ర, అందులో కనిపిస్తే ఎంటరోస్కోపీ. మీకు జరిగింది అదే వరుస. మీరు పట్టుబట్టకపోతే ఆయన రక్తం పోగొట్టుకుంటూనే ఉండేవారు. ఆ నొప్పి మీ నిర్ణయం వల్ల వచ్చింది కాదు.

మామగారి మాటకొస్తే, క్లోమాన్ని గుచ్చడం ఈ పరీక్షలో జరిగే పని కాదు. గొట్టం పేగులోనే ఉంటుంది, క్లోమం పేగు బయట ఉంటుంది. అయినా ఇబ్బంది ఎలా వస్తుందో తెలియాలంటే పరీక్ష జరిగే తీరు తెలియాలి. జపాన్‌లో హిరోనోరి యమమోటో 2001లో లోకానికి చూపించిన డబుల్ బెలూన్ పద్ధతిలో సుమారు రెండు మీటర్ల స్కోపు, దానిపై తొడిగిన ఒక మీటరున్నర లోపు పొడవున్న మరో గొట్టం ఉంటాయి. రెండింటి కొసన ఒక్కో బెలూన్. స్కోపు ముందుకెళ్లి బెలూన్ ఉబ్బించి పేగుని పట్టుకుంటుంది. పై గొట్టం దాని వెనకే జరిగి తన బెలూన్‌తో పట్టుకుంటుంది. అప్పుడు రెండింటినీ కలిపి వెనక్కి లాగుతారు. లంగాకి బొందు ఎక్కించేటప్పుడు గుడ్డని పిన్నీసు మీదికి ముడతలుగా లాక్కున్నట్టే, పేగు గొట్టం మీద ముడతలు పడి కుదించుకుపోతుంది. ఇలా మళ్లీ మళ్లీ చేస్తేనే మీటర్ల కొద్దీ పేగు అందుతుంది. సింగిల్ బెలూన్ పద్ధతిలో పై గొట్టానికే బెలూన్ ఉంటుంది, స్కోపు కొసను వంచి పేగుని పట్టుకుంటారు. సింగిల్ అయితే క్లోమానికి ప్రమాదం ఉండదని మాత్రం రుజువు కాలేదు. కాబట్టి యంత్రం పేరు చూసి ధైర్యపడకండి, భయపడకండి.

క్లోమరసం, పిత్తరసం చిన్నపేగు మొదటి భాగమైన డ్యుయోడినమ్‌లోకి చిన్న మొటిమలాంటి ద్వారం గుండా వస్తాయి. నోటి నుంచి వెళ్లే స్కోపు, దాని పై గొట్టం ఆ ద్వారాన్ని దాటే తీరాలి. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

మొదటి కారణం ఒత్తిడి. ఆ ప్రాంతంలో రెండు బెలూన్లూ ఒకేసారి ఉబ్బితే మధ్యలో పేగు ముక్క రెండువైపులా మూసుకుపోతుంది. లోపలికి పంపే గాలి పోయే దారి లేక ఒత్తిడి పెరిగి, పేగులోని ద్రవం ఆ ద్వారం గుండా క్లోమం నాళంలోకి ఎదురెక్కవచ్చు. పేగు ద్రవంలో ఎంటరోకైనేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. క్లోమంలో నిద్రాణంగా ఉండే ట్రిప్సినోజెన్‌ని అది ట్రిప్సిన్‌గా మారుస్తుంది. పేగులో జరగాల్సిన ఈ పని క్లోమంలోనే జరిగితే గ్రంథి తనను తానే అరగదీసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే జాగ్రత్తపరులు ఆ ద్వారం దాటేదాకా, వీలైతే డ్యుయోడినమ్ పూర్తయ్యే ట్రైట్జ్ లిగమెంట్ దాటేదాకా, బెలూన్లు ఉబ్బించరు.

రెండోది లాగుడు. చిన్నపేగులో చాలా భాగం వదులుగా కదులుతుంది గానీ, డ్యుయోడినమ్ వీపు గోడకి అతుక్కుని ఉంటుంది, క్లోమం తల దాని వంపులో ఇరుక్కుని ఉంటుంది. గొట్టాన్ని వెనక్కి లాగిన ప్రతిసారీ ఆ బలం ఈ కదలని చోట పడుతుంది. గొట్టం క్లోమాన్ని వెన్నెముక మీదికి నొక్కవచ్చు, పేగుకి రక్తనాళాలు తెచ్చే మెసెంటరీ అనే పొర సాగి రక్తప్రసరణ తగ్గవచ్చు. వాపు క్లోమం తలలో కాక నడిమి భాగంలో, తోకలో కనిపించిన రోగుల్ని చూసి వైద్యులు ఈ కారణాన్ని బలంగా అనుమానిస్తారు. మీ వారి సీటీలో వాపు ఎక్కడుందో రాసి ఉంటుంది, చూడండి. మూడోది గొట్టం పదేపదే రాసుకుని ఆ ద్వారమే వాచి, క్లోమరసం వెనక్కి నిలిచిపోవడం.

ఈ మూడింటిలో ఇదే అసలు కారణమని ఎవరూ తేల్చలేదు. ఒకే మనిషిలో రెండు మూడు కలిసి ఉండవచ్చు. కానీ పరీక్ష ఎంత ఎక్కువసేపు సాగితే, ఎన్ని ఎక్కువసార్లు లాగితే, రక్తంలో అమైలేజ్ అనే క్లోమం ఎంజైమ్ అంత పెరిగే అవకాశం ఉందన్నది పలు పరిశీలనల్లో కనిపించిన విషయం. రెండున్నర గంటలంటే ఎక్కువ సమయమే.

ఇది ఎంత అరుదో కూడా తెలుసుకోండి. పలు దేశాల ఆసుపత్రుల వివరాలు కలిపి 2007లో ప్రచురించిన లెక్కలో 2,362 డబుల్ బెలూన్ పరీక్షలకు 7 పాంక్రియాటైటిస్ కేసులున్నాయి, అంటే వెయ్యికి ముగ్గురు. రోగుల్ని వరసగా గమనిస్తూ చేసిన కొన్ని చిన్న పరిశీలనల్లో ఇంతకన్నా ఎక్కువే కనిపించింది. నొప్పి లేకుండా అమైలేజ్ మాత్రం పెరగడం చాలామందిలో ఉంటుంది, దాన్ని జబ్బు అనకూడదు. క్లోమానికి తగిన నొప్పి, అమైలేజ్ లేదా లైపేజ్ హద్దుకి మూడు రెట్లు, స్కాన్‌లో వాపు, ఈ మూడింటిలో రెండుంటేనే పాంక్రియాటైటిస్. మీ వారికి మొదటి రెండూ స్పష్టంగా ఉన్నాయి. పరీక్షయిన రాత్రే మొదలైంది కాబట్టి ఎంటరోస్కోపీ మీద అనుమానం బలమైనదే.

అయినా నింద అంతా గొట్టం మీద వేసి ఆగిపోవద్దు. మీ ఉత్తరంలో నడుమ ఒక ముక్క ఉంది: అల్ట్రాసౌండ్ రిపోర్టులో "గాల్‌బ్లాడర్‌లో కొద్దిగా స్లడ్జ్" అని రాశారని, దాని గురించి ఎవరూ మాట్లాడలేదని. నాకు అన్నిటికన్నా అది ముఖ్యంగా కనిపించింది. పిత్తాశయంలోని బురద, చిన్న రాళ్లు జారి అదే ద్వారంలో ఇరుక్కుంటే పాంక్రియాటైటిస్ వస్తుంది. ఉపవాసం ఉన్నా స్లడ్జ్ పేరుకుంటుంది కాబట్టి దీన్ని చూసి వెంటనే ఆపరేషన్‌కి పరుగెత్తనక్కర్లేదు. చేరిన రోజు లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ ఎంతుందో చూడండి. నొప్పి మొదలైన 48 గంటల్లోపు అది 150 దాటి ఉంటే రాళ్ల మీద అనుమానం చాలా పెరుగుతుంది. మామూలుగా ఉన్నా రాళ్లు కావని పూర్తిగా చెప్పలేం గనక, మరోసారి అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయించాలి. పన్నెండు గంటల ఉపవాసం మీద ట్రైగ్లిజరైడ్లు, వాటితోపాటు కాల్షియం కూడా చూడాలి. ట్రైగ్లిజరైడ్లు వెయ్యి దాటి ఉంటే అదే కారణం కాగలదు.

మీ ఆడపడుచు మాట సగమే నిజం. ఆదివారాలు రెండు పెగ్గులు తాగే మనిషికి సరిగ్గా పరీక్ష రోజు రాత్రే తాగుడు వల్ల ఈ జబ్బు రావడం నమ్మేలా లేదు. కానీ ఒకసారి వాచిన క్లోమానికి మద్యం, సిగరెట్టు మళ్లీ హాని చేస్తాయి. కాబట్టి ఇకమీద ఒక్క పెగ్గు కూడా వద్దు.

ఇంకో మాట కూడా మీరు దారిన పోతూ అన్నట్టు రాశారు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ ఏడాదిగా వేసుకుంటున్నారట. దాన్ని ఈ రోజే ఆపించండి. ఆ జాతి మాత్రలు చిన్నపేగులో పుండ్లు చేస్తాయి, ఉన్న మచ్చల నుంచి రక్తం కారడాన్ని పెంచుతాయి. వాటితో వేసుకునే గ్యాస్ మాత్ర కడుపునే కాపాడుతుంది, చిన్నపేగుని కాదు. నొప్పికి పారాసిటమాల్ చాలు, తగిన మోతాదు డాక్టర్ని అడగండి.

హిమోగ్లోబిన్ 9.6 నుంచి 8.8కి దిగడం కూడా రక్తం కారడం వల్లే అనుకోనక్కర్లేదు. మలం నల్లగా వస్తోందని భయపడి ఐరన్ మాత్రలు మానేశారని రాశారు. ఐరన్ వేసుకుంటే మలం నల్లబడుతుంది, కానీ గట్టిగా ఉంటుంది. రక్తం అరిగి వచ్చే నలుపు జిగటగా, ఘాటైన దుర్వాసనతో ఉంటుంది. ఐరన్ నిల్వలు ఖాళీ అయిన మనిషి మాత్రలు మానేసి, జబ్బుపడి, సరిగా తినక ఆరు వారాలు గడిపితే ఈ మాత్రం దిగడం వింతేం కాదు. ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ చేయించండి. వాపు జబ్బుల్లో ఫెర్రిటిన్ మోసం చేస్తుంది గనక రెండోది కూడా కావాలి.

ఇప్పుడు దారులు. మొదటిది, కొన్ని వారాలు ఆగడం. డైక్లోఫెనాక్ ఆపి, నరం గుండా ఐరన్ ఎక్కించి, రెండు వారాలకోసారి హిమోగ్లోబిన్ చూడటం. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అనే ఐరన్ ఇంజెక్షన్ అయితే 70 కిలోల లోపు బరువు, 10 కన్నా తక్కువ హిమోగ్లోబిన్ ఉన్నవారికి మొత్తం సుమారు 1,500 మి.గ్రా. ఇస్తారు, ఒక్కసారికి 1,000 మించకుండా, వారం ఎడంతో. హిమోగ్లోబిన్ పెరిగి నిలబడితే మిగిలిన మచ్చను వదిలేయవచ్చు. ఐరన్ ఇచ్చినా దిగుతుంటే రక్తం పోతున్నట్టే లెక్క. ప్రస్తుతం జిగట నలుపు లేదు, తల తిరగడం లేదు అని రాశారు కాబట్టి నా మొగ్గు దీనివైపే. డాక్టరు ఎందుకు తొందరపడుతున్నారో మాత్రం అడగండి, మీ ఉత్తరంలో లేని కారణం ఆయన దగ్గర ఉండవచ్చు.

రెండోది, మలద్వారం నుంచి ఎంటరోస్కోపీ. ఇది డ్యుయోడినమ్ దాకా రాదు గనక క్లోమానికి ఇబ్బంది చాలా అరుదు. కానీ మచ్చ అందుతుందా అన్నదే ప్రశ్న. కెమెరా మాత్ర చిన్నపేగులో గడిపిన మొత్తం కాలంలో ఎంత శాతం దగ్గర ఆ మచ్చ కనిపించిందో రిపోర్టు చూసి లెక్కించవచ్చు. 75 శాతం దాటాక కనిపిస్తే కిందనుంచి వెళ్లడం సాధారణ పద్ధతి, అంతకన్నా ముందైతే నోటి నుంచే. మీరు రాసినట్టు "పైభాగంలో" అయితే ఈ దారి కలిసి రాకపోవచ్చు. ఆగిన చోట పేగు గోడకి సిరా గుర్తు వేశారా అని కూడా అడగండి. గుర్తుంటే ఈసారి ఎంత దూరం వెళ్లాలో తెలుస్తుంది.

మూడోది, నోటి నుంచే మరోసారి. ఒకసారి పాంక్రియాటైటిస్ వచ్చినంత మాత్రాన ఈ దారి శాశ్వతంగా మూసుకుపోదు. కానీ నొప్పి పూర్తిగా పోయి, లైపేజ్ మామూలుకి వచ్చి, గాల్‌బ్లాడర్ సంగతి తేలాకే. ముందుగా డాక్టర్‌తో కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఉన్నాయి: డ్యుయోడినమ్ దాటాకే బెలూన్ ఉబ్బిస్తారా, గాలి బదులు త్వరగా పీల్చుకుపోయే కార్బన్ డయాక్సైడ్ వాడతారా, ఇన్ని నిమిషాలు దాటితే ఆపేద్దామని ముందే అనుకుంటారా, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుకుంటారా. ఈఆర్‌సీపీ అనే వేరే పరీక్షకు ముందు పాంక్రియాటైటిస్ రాకుండా మలద్వారం గుండా ఇండోమెథాసిన్ పెడతారు. ఎంటరోస్కోపీలో అది పనిచేస్తుందన్న రుజువు లేదు, పైగా అది డైక్లోఫెనాక్ జాతిదే. దాని కోసం మీరు పట్టుబట్టవద్దు. జాగ్రత్తలన్నీ తీసుకున్నా ప్రమాదం తగ్గుతుందేగాని సున్నా కాదు. చిన్నపేగులో కాల్చిన మచ్చల తర్వాత మూడో వంతు మందికి పైగా మళ్లీ రక్తం పోతుందన్న సంగతి కూడా తూచుకోండి.

నాలుగోది మందులు. ఆక్ట్రియోటైడ్ నెలకో ఇంజెక్షన్ ఇలాంటి మచ్చల రక్తస్రావాన్ని తగ్గిస్తుంది, కానీ అది గాల్‌బ్లాడర్‌లో స్లడ్జ్, రాళ్లు పెంచుతుంది. మీ వారికి అదే అసలు చిక్కు. థాలిడొమైడ్ కూడా పనిచేస్తుంది, 2023లో చైనాలో జరిగిన పరీక్షలో ఆ సంగతి బాగా తేలింది. కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కించే నరాల దెబ్బ, నిద్రమత్తు దాని దుష్ఫలితాలు. గర్భస్థ శిశువుకి ఘోరమైన అవకరాలు కలిగిస్తుంది. వాడేది భర్త అయినా ఆ కాలమంతా, ఆపాక డాక్టరు చెప్పినన్ని వారాలు కండోమ్ తప్పనిసరి. ఆపరేషన్ చేసి పొట్ట తెరిచి పేగులో చూడటం ఆఖరి మెట్టు, ఇప్పుడు దాని ఊసే వద్దు. మచ్చలున్నాయి గనక గుండెకి ఒక ఎకో తీయించి అందులోని అయోర్టిక్ వాల్వ్ అనే కవాటం ఇరుకుగా ఉందేమో, రక్తపరీక్షలో కిడ్నీలు ఎలా ఉన్నాయో చూడమనండి. ఈ రెండూ అలాంటి మచ్చలతో ముడిపడి ఉంటాయి.

కేసు విషయం. పాంక్రియాటైటిస్ రావడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదు, అది ఈ పరీక్షకు తెలిసిన ఇబ్బంది. కానీ ముందు సంతకం పెట్టించుకున్న కాగితంలో ఆ మాట ఉందా? ఇంటికి పంపేటప్పుడు ఏ నొప్పి వస్తే రావాలో చెప్పారా? వీపులోకి పాకే నొప్పి, వాంతులు అని చెప్పినా ఫోన్‌లో గ్యాస్ అని తేల్చేయడం నాకు సబబుగా అనిపించలేదు. అలాంటి నొప్పికి పేగు చిల్లు పడిందా, క్లోమం వాచిందా అని ఆ రాత్రే చూడాలి. కేస్‌షీట్, ఎంటరోస్కోపీ రిపోర్టు, సీటీ నకళ్లు రాతపూర్వకంగా అడగండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్య వృత్తి నిబంధన. అవి ఎలాగూ వైద్యానికి కావాలి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది కాబట్టి ఈ వారమే తేల్చుకోనక్కర్లేదు. ముందు ఆ డాక్టర్‌నే కూర్చోబెట్టి అడగండి. ఇచ్చిన జవాబుని బట్టి అక్కడే కొనసాగాలా, మరోచోటికి వెళ్లాలా అన్నది మీకే అర్థమవుతుంది.

ఇక ఆయన భయం. "చచ్చినా మింగను" అన్న మనిషిని చుట్టూ చేరి ఒప్పించవద్దు. పైన చెప్పిన మొదటి దారిలో గొట్టం లేదని ముందు చెప్పండి. ఐరన్, రక్తపరీక్షలు ఒప్పుకుంటే ప్రస్తుతానికి చాలు. ఆ తర్వాత అవసరం పడితే డాక్టర్ని అడగాల్సిన ప్రశ్నలు ఆయన నోటితోనే అడగనివ్వండి.

తిండికి పత్యం పేరుతో పస్తు పెట్టకండి. అన్నం, పప్పు, కూరలు, పెరుగు, చేప, కోడిగుడ్డు అన్నీ తినవచ్చు. ఒక నెలా రెండు నెలలు వేపుళ్లు, వేటమాంసం, ఒకేసారి కడుపునిండా తినే భోజనం తగ్గించి, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు పెట్టండి. ఐరన్ మాత్రలు మళ్లీ మొదలుపెడితే వాటితోపాటే టీ, కాఫీ ఇవ్వకండి. మూడు నెలలకోసారి షుగర్ చూపించండి, వాచిన క్లోమం వల్ల కొందరికి మధుమేహం వస్తుంది. మలం జిడ్డుగా తేలుతూ, బరువు తగ్గుతుంటే ఎంజైములు సరిపోవట్లేదేమో చూడాలి. పొట్ట నొప్పి వీపులోకి పాకినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, జిగట నల్లమలంతోపాటు కళ్లు తిరిగినా ఫోన్‌లో సలహా కోసం ఎదురుచూడకండి. ఏ వేళైనా సరే, దగ్గర్లో సీటీ, రక్తనిధి ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. ఎంటరోస్కోపీ జరిగిన తేదీ, పాంక్రియాటైటిస్ వచ్చిన సంగతి ఒక చీటీ మీద రాసి ఆయన పర్సులో పెట్టండి.